ట్రేసరమ్మ నీటిరంగులు

ఉద్యోగం నుంచి రిటైరై మూడేళ్ళు దాటినా, ఇంట్లోనూ వీధిలోనూ అందరూ ఆవిడని ట్రేసరమ్మ అనే పిలుస్తారు. నీటిపారుదల ఆఫీసు డ్రాయింగు హాల్లో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని, ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన కాలువల్నీ తూముల్నీ వంతెనల్నీ పల్చటి ట్రేసింగు కాగితం మీద ఇంకుతో ఎత్తిరాసింది. ఆ పనికి రెండే నియమాలు. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. ఎడమచేతిలో అద్దుడు కాగితం సిద్ధంగా ఉండాలి. ఇంకు చుక్క పొంగిందంటే, అది పాకకముందే అద్దేయాలి. పాకిందా, వారం రోజుల పని గంగపాలే. ఇన్నేళ్ళలో ఆవిడ షీటు ఒక్కటి కూడా చెడలేదు. ఎన్ని కాలువలు గీసిందో లెక్కలేదు గానీ, కాగితం మీద నీళ్ళని ఒక్క అంగుళం పారనివ్వలేదు.

అలాంటి మనిషి తడి కాగితం మీద రంగులు పారించడం నేర్చుకోవడానికి దేశం కాని దేశం బయల్దేరింది. విన్నవాళ్ళు నవ్వాలో మెచ్చుకోవాలో తెలియక, వెళ్ళి రమ్మన్నారు. రాకపోకలతో కలిపి ఎనిమిది రోజుల యాత్ర. కొండల మధ్య చెరువు, చెరువు పక్కన బస, నేర్పించడానికి అక్కడి చిత్రకారుడు, ఆయన మాట మనకి చెప్పడానికి తెలుగు గైడు. చూసింది చూసినట్టు కాకుండా, చూసినప్పుడు మనసులో ఏం కదిలిందో అది వేయడం నేర్పుతారని కరపత్రంలో రాశారు. మనసులో ఏం కదిలిందో ఆఫీసులో ఆవిడని ఒక్కరూ అడగలేదు.

అసలు సంగతి మేడ మీది గది. కింద రెండు వాటాలు. ఒకదాంట్లో ట్రేసరమ్మా ఆయనా, రెండోదాంట్లో మరిదీ తోడికోడలూ. పైన ఒకే ఒక్క గది, నాలుగు కిటికీలు, నిండా విరిగిన మంచాలు, పాత ట్రంకుపెట్టెలు. తోడికోడలు వసారాలో కుట్టు క్లాసు నడుపుతుంది. ఎనిమిది మిషన్లు, చోటు చాలక ఆడపిల్లలు ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలించుకుంటూ కుట్టుకుంటారు. ఆ గది ఇస్తే బాగుంటుందని ఆమె ఎప్పట్నుంచో అడుగుతోంది. ట్రేసరమ్మకీ ఆ గది మీద ఆశ ఉంది. ఒక పెద్ద బల్ల వేసుకుని తన బొమ్మలు తను వేసుకోవాలని. ఆ మాట ఒకరోజు కాఫీ తాగుతూ సగం చెప్పి, తోడికోడలి మొహం చిన్నబోవడం చూసి, మిగతా సగాన్ని మింగేసి ఒప్పందంగా మార్చేసింది.

"ముందు నాకు చేతనవుతుందో లేదో చూడనీ. ఈ యాత్రలో నాదంటూ ఒక్క బొమ్మ వేయగలిగితే గది నాకు. లేకపోతే నీ మిషన్లు పైకెక్కించుకో."

"అలాగే అక్కా. కానీ ఒక్కదానివే ఎలా వెళ్తావు? నేనూ వస్తాను" అని తోడికోడలు తనూ పేరిచ్చింది. రంగులంటే ఆమెకి చీరకి తగ్గ జాకెట్టు గుడ్డ వెతకడం వరకే తెలుసు.

ట్రేసరమ్మ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంకొకళ్ళ గీత మీద తన గీత పెట్టింది. తనదంటూ ఒక గీత లోపల ఉందో లేదో తనకే తెలియదు. లేదని తేలితే బతుకంతా నకలే అయిపోతుందని భయం. గది పోతే పోయింది, ఆ సంగతి తెలిసిపోతే ఎలా అన్నదే దిగులు.

బస పాతకాలపు రాతి ఇల్లు. కింది హాల్లో పొడవాటి చెక్కబల్ల, గోడవారన చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలోంచి చెరువు. మొత్తం పదకొండు మంది. నేర్పే ఆయన పొడుగ్గా, కాస్త వంగి, ఇంట్లో కూడా వెడల్పాటి టోపీ తీయడు కాబట్టి మొదటిరోజు కాఫీ వేళకే టోపీ మాస్టారయ్యాడు. ఆయనకి తన భాష తప్ప ఇంకోటి రాదు. గైడమ్మకి నలభై దాటాయి. ఆ దేశంలో ఇరవై ఏళ్ళుగా కాపురం, నవ్వు మొహం, ఎవరికి దగ్గొచ్చినా వేడినీళ్ళు తెచ్చిపెట్టే రకం.

మాస్టారు కాగితాన్ని బోర్డుకి టేపుతో అంటించి, స్పాంజితో నిండా తడిపి, వెడల్పు బ్రష్షుతో ఒక్క నీలం చార లాగాడు. రంగు నాలుగు వైపులా పాకింది. ఆయన చేతులు కట్టుకుని దాని దారిన దాన్ని పోనిచ్చాడు. ట్రేసరమ్మకి కళ్ళు మూసుకోవాలనిపించింది. తన వంతు వచ్చేసరికి రంగు అంగుళం పాకిందో లేదో, ఎడమచేతిలోని జేబురుమాలు దానంతటదే వెళ్ళి అద్దేసింది. ఆవిడ మనసు వద్దనే లోపే పని అయిపోయింది. మళ్ళీ తడిపింది, మళ్ళీ అద్దింది. సాయంత్రానికి కిటికీలోంచి కనిపించే కొండ, చెరువు, ఒడ్డున పడవ, పడవకున్న మూడు పలకలు, అన్నీ పొడిపొడిగా, కొలిచినట్టు వచ్చాయి. పక్కన తోడికోడలు మోచేతుల దాకా రంగు పూసుకుని, కొండ ఏదో చెరువు ఏదో తెలియకుండా కలిపేసి, హాయిగా కూనిరాగం తీస్తోంది.

మాస్టారు ట్రేసరమ్మ వెనక చాలాసేపు నిలబడి ఏదో అన్నాడు.

"చాలా బాగుందంటున్నారు మేడం. మీ చెయ్యి అందరికంటే నికార్సయిన చెయ్యట" అంది గైడమ్మ.

ట్రేసరమ్మ గుండె నిండింది. ఆ రాత్రి ఫోనులో ఇంట్లో ఆయనకి చెప్పేసింది కూడా. రెండోరోజూ బాగుందన్నారు, మూడోరోజూ బాగుందన్నారు. గదిలో బల్ల ఏ కిటికీ కింద వేయాలో కూడా ఆలోచించుకుంది.

నాలుగోరోజు అనుమానం పుట్టింది. ఆవిడ పని ఎలాంటిదంటే, మూలం పక్కన నకలు పెట్టి తేడా పట్టుకోవడం. మాస్టారు పది మాటలు మాట్లాడితే గైడమ్మ రెండు మాటలు చెబుతోంది. ఆయన తల అడ్డంగా ఊపుతూ మాట్లాడతాడు, గైడమ్మ తల నిలువుగా ఊపుతూ చెబుతుంది. తోడికోడలి కాగితం చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వితే, "మీ రంగులు పాటలు పాడుతున్నాయట" అని ఇటు చేరింది. ఏ రెండు షీట్లూ ఇంత తేడాగా ఉండగా ఆవిడ ఏనాడూ సంతకానికి పంపలేదు.

పరీక్ష పెట్టాలనుకుంది. తిన్నగా మనిషిని పట్టుకుని అడగొచ్చు, కానీ మొహమాటం ఆవిడకి పుట్టుకతో వచ్చింది. ఐదోరోజు తన బొమ్మని బల్ల కింద పెట్టేసి, బ్రష్షు తుడుచుకునే కాగితాన్ని బోర్డు మీద పెట్టి కూర్చుంది. నాలుగు రోజుల మురికినీళ్ళు దాని మీదే ఉన్నాయి. మాస్టారు వచ్చి చూశాడు. వంగి చూశాడు. టోపీ కాస్త వెనక్కి తోసుకుని ఒక్క మాటన్నాడు.

"బాగుందంటున్నారు మేడం" అంది గైడమ్మ.

దొరికావు అనుకుంది ట్రేసరమ్మ. కోపంతో చెవులు వేడెక్కాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ చెరువు గట్టు మీద నడవడానికి వెళితే, తొట్టి దగ్గర బ్రష్షులు కడుగుతున్న గైడమ్మ పక్కన తనూ ఒక బ్రష్షు తీసుకుని నిలబడింది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన చెప్పేదొకటి, మీరు చెప్పేదొకటి కదూ?"

గైడమ్మ నీళ్ళు నమిలింది. కుళాయి కట్టేసింది, మళ్ళీ తిప్పింది.

"పోయినసారి గుంపులో ఒక పెద్దాయన వచ్చారు మేడం. మాస్టారన్నది ఉన్నదున్నట్టు చెబితే, రంగులపెట్టె తీసుకెళ్ళి చెరువులో పడేసి, రెండు రోజులు గది తలుపు తీయలేదు. భోజనం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టాల్సి వచ్చింది. ఇంత దూరం సంతోషంగా ఉండటానికే కదా వస్తారు. ఒక మంచి మాట కలిపితే నా సొమ్మేం పోయిందని..."

"నా గురించి ఏమన్నారు? మొదటిరోజు నుంచి చెప్పండి."

"వద్దు మేడం."

"చెప్పండమ్మా."

గైడమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటున్నట్టు కోటుకి తుడుచుకుంది. "మొదటిరోజు, ఈవిడ చెయ్యి నికార్సయినది, అదైతే నిజంగానే అన్నారు. కానీ బొమ్మలో ఈవిడ లేదన్నారు. అది నేను చెప్పలేదు. రెండోరోజు, రంగు ఊపిరి తీసుకోబోతే గొంతు నొక్కేస్తోందన్నారు. మూడోరోజు, ఈవిడతో నేనేం చేయాలో తెలియట్లేదన్నారు. నిన్నా అదే."

ట్రేసరమ్మ బ్రష్షు కడుగుతూనే ఉంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు గానీ, ఆవిడకి ఉలుకు కూడా రాలేదు. ఏ మాట వినాల్సివస్తుందోనని ఇన్నాళ్ళూ భయపడిందో ఆ మాటే విన్నది. బొమ్మలో నువ్వు లేవని.

"ఇవాళ్టి ఆ చెత్తకాగితాన్ని కూడా బాగుందన్నారుగా" అంది చివరికి.

"ఆ ఒక్కటీ నేను కలిపింది కాదు మేడం. ఆయనే బాగుందన్నారు. ఇది ఎవరు వేశారు అన్నట్టు చూశారు."

ఇంకొకరైతే ఆ మాట పట్టుకుని గట్టెక్కేవారు. ట్రేసరమ్మ ఒప్పుకోలేదు. "అది నేను వేసింది కాదమ్మా. బ్రష్షు తుడుచుకున్నాను. నేను చూడకుండా పడిన మరక నా బొమ్మ ఎలా అవుతుంది? అది లెక్కలోకి రాదు." బ్రష్షు దులిపి పక్కన పెట్టింది. "ఇంకా రెండు రోజులుంది. ఇక నుంచి ఆయన ఏమంటే అది, గీతకి గీత. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తీయొద్దు."

"తట్టుకోగలరా?"

"ఏమో. అయినా చెప్పండి."

రాత్రి పడుకున్నాక సంగతంతా విని తోడికోడలు మంచం మీద లేచి కూర్చుంది. "అయితే నా రంగులు పాటలు పాడట్లేదా?"

"నీకు గీయడం రాదు గానీ నీ కాగితం చూస్తే ఆకలేస్తుంది అన్నారట."

"పోన్లే, అదీ మెచ్చుకోలే" అని మళ్ళీ పడుకుంది. కాసేపటికి చీకట్లోంచి, "అక్కా, నీ గురించి అన్న మాట పట్టించుకోకు" అంది. ట్రేసరమ్మ దుప్పటి మీదికి లాక్కుంది. పట్టించుకోకుండా ఉండటానికి కాదుగా ఇంత దూరం వచ్చింది.

ఆరోరోజు వాన. ఎవరూ బయటికి వెళ్ళలేదు. హాల్లో కూర్చుని ఆవిడ వరసగా ఏడు కాగితాలు తడిపింది, ఏడూ అద్దేసింది. గైడమ్మ మాట తప్పలేదు. "ఇంకా గొంతు నొక్కుతున్నారంటున్నారు" అని ఏడుసార్లూ చెప్పింది.

ఆఖరి రోజు పొద్దున్నే మాస్టారు అందర్నీ చెరువు పైనున్న వాలు మీదికి నడిపించాడు. వాన వెలిసింది. కొండ మీద మబ్బు ఇంకా దిగే ఉంది, చెరువు మాత్రం అంచుల దాకా నిండి తెల్లగా ఉంది. మడతకుర్చీలు వేసుకుని, బోర్డులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ట్రేసరమ్మ జేబురుమాలు తీసి తోడికోడలికిచ్చింది. స్పాంజీ ఇచ్చింది. గుడ్డముక్క ఇచ్చింది.

"అడిగినా ఇవ్వకు."

"అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటానక్కా?"

"ఉండు."

ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని, కాగితాన్ని తడిపి, మబ్బు రంగు ఒక్క చార లాగింది. అది పాకింది. తొడ కింద చెయ్యి ఎగిరిపడింది. ఇంకా బరువుగా కూర్చుంది. ఆఫీసులో పెద్ద ఇంజనీరు వెనక నిలబడ్డప్పుడు కూడా అంత భయం వేయలేదు. కొండకి గోధుమరంగు పెట్టింది, మబ్బు దాన్ని తినేసింది. రంగంతా ఒక పక్కకి చేరి ఎటు పోదామా అన్నట్టు ఆగింది. అప్పుడు ఆవిడకి చెరువే కనిపించింది. కొండ అలా ఎత్తుగా ఉన్నట్టుంటుందే గానీ, ఇవాళ ఇక్కడ పెద్దది నీరే. బోర్డుని తనవైపు వంచింది. కొండలోంచి రంగు జారి చెరువులోకి దిగింది, దిగుతూనే ఉంది. ఆవిడ ఊపిరి వదిలి చూస్తూ కూర్చుంది. ఆరబోతుండగా, ఏదో తక్కువైనట్టు తోచి, ఒడ్డు మీద ఒక నల్లగీత పెట్టింది.

మాస్టారు వచ్చి పచ్చిక మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు చూసి చెప్పడం మొదలుపెట్టాడు. గైడమ్మ ట్రేసరమ్మ వైపు తిరిగింది.

"బాలేదంటున్నారు మేడం. ఆకాశం బురదయింది. కొండ మునిగిపోయింది. ఆ చివర నల్లగీత అక్కర్లేదు, దాంతో ఇంకా చెడింది."

"ఇంకా?"

"ఈ బోర్డు ఎందుకు వంచారని అడుగుతున్నారు."

"కొండకంటే నీళ్ళు పెద్దవనిపించాయి. అందుకని."

ఆ మాట అటు చేరింది. మాస్టారు బొమ్మ వంక కాకుండా మొదటిసారి ఆవిడ మొహం వంక చూశాడు. చిన్నగా ఏదో అన్నాడు.

"అయితే ఇలాంటివి ఇంకో యాభై చెడగొట్టాలంటున్నారు. ఆ తర్వాత చూద్దామంటున్నారు."

"బాగుందన్న ముక్క ఎక్కడా లేదా?"

"లేదు మేడం. ఉంటే చెప్పనా?"

ట్రేసరమ్మకి ఏడుపొచ్చింది, దాని వెనకే సంతోషమూ వచ్చింది, ఏది ముందో తేల్చుకోలేక ముక్కు చీదుకుంది. ఆఫీసులో ఒప్పయినా తప్పయినా ఇంజనీరుదే. షీటు వెనక్కొస్తే ఆయన దిద్దేవాడు, ఆవిడ మళ్ళీ ఎత్తిరాసేది. ఈ మునిగిపోయిన కొండని మాత్రం ఎవరి మీదా నెట్టడానికి వీల్లేదు. వంచింది తనే. చెడగొట్టింది తనే. మళ్ళీ వంచమంటే మళ్ళీ వంచుతుంది, ఈసారి ఇంకాస్త తక్కువగా.

మధ్యాహ్నం విమానాశ్రయానికి బస్సెక్కారు. కొండదారి, మలుపులు, కిటికీ పక్కన తోడికోడలు. బస్సు కదిలిన కాసేపటికి ఆమె నవ్వుతూ, కాస్త నవ్వకుండా అంది.

"అక్కా, మాస్టారు బాలేదన్నాడు కదా. మరి ఒప్పందం ప్రకారం గది నాదేనా?"

"ఒప్పందం ప్రకారం నీదే" అంది ట్రేసరమ్మ. "కానీ నేనివ్వను."

"మాటిచ్చావుగా."

"ఇచ్చాను. తప్పుతున్నాను. నాకా గది కావాలి. యాభై చెడగొట్టుకోవాలి."

తోడికోడలు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. మెడ ఎర్రబడింది. ఒక మలుపు అయింది, రెండో మలుపు అయింది. సరేలే, నువ్వే తీసుకో అన్న మాట ట్రేసరమ్మ నాలుక చివర దాకా వచ్చింది. ఇంట్లో ఎవరి మొహం చిన్నబోయినా, అది పాకకముందే అద్దేయడం ఆవిడకి అలవాటు. ఈసారి అద్దలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ముప్పై ఏళ్ళలో నువ్వు నాకు ఇవ్వనన్నది ఇదొక్కటే" అంది తోడికోడలు, ఇటు తిరక్కుండానే.

"కోపమొచ్చిందా?"

"రాదా మరి? ఎనిమిది మిషన్లు." ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "కానీ అక్కా, ఇన్నాళ్ళూ నువ్వేదిచ్చినా ఇష్టంగా ఇచ్చావో, నోరు మూసుకుని ఇచ్చావో నాకు తెలిసేది కాదు. ఏది తీసుకున్నా దొంగతనం చేసినట్టుండేది. ఒక్కసారి వద్దంటావేమోనని నీ మొహంలోకి చూసేదాన్ని. ఎప్పుడు చూసినా నవ్వే."

ట్రేసరమ్మ ముందుకి చూసింది. ముందు సీట్లో గైడమ్మ తల కనిపిస్తోంది. ఆవిడ తీపి కలిపింది నాలుగు రోజులు. తను కలిపింది ముప్పై ఏళ్ళు.

"మా అమ్మకి జబ్బు చేసినప్పుడు సెలవు పెట్టి నా పిల్లల్ని చూశావే, అది?"

"ఇష్టంగానే చూశాను. ఒట్టు."

"గాలొచ్చే వాటా నాకిచ్చింది?"

"కాదు. నెలరోజులు ఏడ్చాను."

"చెప్పొచ్చుగా అప్పుడే."

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు పడట్లేదా?"

"పడుతున్నావు" అంది ట్రేసరమ్మ. ఆమె చెయ్యి పట్టుకోబోయి, ముందు ఆమె ఏమంటుందో విందామని ఆగింది.

తోడికోడలు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇంకా ఉన్నాయా ఇలాంటివి?"

"ఉన్నాయి."

"అయితే చెప్పు. ఎయిర్‌పోర్టుకి ఇంకా రెండు గంటలుంది."

ట్రేసరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, ఆమె కాపురానికి వచ్చిన మొదటి నెల నుంచి మొదలుపెట్టింది.